కిలిమంజారో: 7 సెలవుల్లో అవుతుందా? రూటు, ప్రాక్టీసు, మందుల గురించి చెప్పండి

హైటెక్ పాదచారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో సంక్రాంతి సెలవులు కలిసొచ్చేలా టాంజానియాలోని కిలిమంజారో కొండ ఎక్కాలని నేనూ మా ఫ్రెండూ అనుకుంటున్నాం. వయసు 34, 36. ఇద్దరం 10 కిలోమీటర్లు గంటలోపు పరుగెడతాం. హిమాలయాల్లో ఒకసారి 3,800 మీటర్ల దాకా వెళ్లాం, అంతకు మించి ఎత్తు తెలీదు. ఆఫీసులో 7 సెలవులు ఇస్తామన్నారు, ముందూ వెనకా శని ఆదివారాలు కలిపితే 11 రోజులు వస్తాయి.

ఒక ఏజెన్సీ వాళ్లు 5 రోజుల మరంగు రూటు, ఆ తర్వాత 3 రోజులు జాంజిబార్ బీచ్ కలిపి ప్యాకేజీ చెప్పారు. గుడారాల బాధ లేదు, గుడిసెల్లో మంచాలుంటాయి, అన్నిటికంటే తేలిక రూటు ఇదే అంటున్నారు. నమ్మొచ్చా? ప్రాక్టీసు ఎలా చేయాలి, భువనగిరిలో రాక్ క్లైంబింగ్ కోర్సు చేయాలా? ఎత్తులో గాలి పల్చబడి వచ్చే జబ్బుకు డయామాక్స్ మందు వేసుకోవాలా వద్దా? భూమధ్యరేఖకు అంత దగ్గర కదా, చలి నిజంగా అంత ఉంటుందా? ఇద్దరం శాకాహారులం, అదీ చెప్పండి.

కొండగాలి

ముందు ఆ 5 రోజుల ప్యాకేజీ పక్కన పెట్టండి. మరంగు దారి నడవడానికి తేలికే, అందులో అబద్ధం లేదు. కష్టమంతా నిద్రపోయే ఎత్తుల్లో ఉంది. మొదటి రాత్రి మందారా 2,720 మీటర్లు, రెండో రాత్రి హోరొంబో 3,720, మూడో రాత్రి కీబో 4,720. అంటే రోజుకు వెయ్యి మీటర్ల చొప్పున పడక పైకి జరుగుతోంది. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి పెరగొద్దు, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగాలి అనేది పర్వత వైద్యుల లెక్క. ఈ ప్యాకేజీలో దానికి రెట్టింపు వేగంతో వెళ్తున్నారు. ఆ మూడో రాత్రి కూడా సరిగ్గా నిద్ర ఉండదు, పదకొండింటికి లేపి శిఖరానికి తీసుకెళ్తారు. కీబో గుడిసెలో తలపట్టుకుని వాంతులు చేసుకునేవాళ్లలో కాళ్లలో బలం లేనివాళ్లు తక్కువ. ఒంటికి సమయం దొరకనివాళ్లే ఎక్కువ.

మరంగే కావాలంటే 6 రోజులది తీసుకోండి. హోరొంబోలో రెండు రాత్రులుంటాయి. మధ్య రోజు జీబ్రా రాక్స్ దాకా, అంటే సుమారు 4,000 మీటర్లకు, ఎక్కి తిరిగొచ్చి కిందే పడుకుంటారు.

మీ 11 రోజులకు మచామే రూటు 7 రోజులది అచ్చంగా సరిపోతుంది. ఆ దారి ఎత్తులు చూడండి. మచామే క్యాంపు 2,835, షిరా 3,840. మూడో రోజు లావా టవర్ దగ్గర 4,630 దాకా ఎక్కించి, మధ్యాహ్న భోజనం అక్కడే పెట్టి, సాయంత్రానికి బరాంకో 3,960కి దింపుతారు. పగలు పైకి, రాత్రి కిందికి అన్నమాట. ఆ ఒక్కరోజులో ఒంటికి జరిగే మేలు ఇంకే విధంగానూ రాదు. లావా టవర్ దగ్గర తలనొప్పి రావడం మామూలే, బరాంకోకు దిగేసరికి తగ్గాలి. తగ్గకపోతే గైడుకు చెప్పాలి. నాలుగో రోజు బరాంకో గోడ ఎక్కి కరంగా 3,995. అయిదో రోజు బరాఫు 4,673, కరంగా నుంచి నాలుగైదు గంటల నడక. 6 రోజుల మచామేలో కరంగాలో ఆపకుండా బరాంకో నుంచి నేరుగా బరాఫుకు తీసుకెళ్లి అదే రాత్రి శిఖరానికి లేపుతారు. ఆ ఒక్క రాత్రి మిగుల్చుకోబోయి చాలామంది శిఖరం పోగొట్టుకుంటారు.

మీ క్యాలెండర్ ఇలా వేసుకోండి. శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో ఎక్కితే శనివారం కిలిమంజారో ఎయిర్‌పోర్టు. ఆదివారం కొండ కిందున్న ఊరు మోషీలో ఖాళీ. సోమవారం నుంచి మళ్లీ ఆదివారం దాకా కొండ. సోమవారం విమానం, మంగళవారం ఇంటికి. సరిగ్గా 7 సెలవులు, పండగ సెలవు కలిస్తే ఒకటి మిగులుతుంది కూడా. మోషీలో ఆ ఖాళీ ఆదివారం మాత్రం వదులుకోవద్దు. కనెక్టింగ్ ఫ్లయిట్‌లో బ్యాగు తప్పిపోతే అది వచ్చే రోజు అదే. జాంజిబార్ ఇంకో ఏడు చూడొచ్చు, ఆ మూడు రోజులూ కొండకు ఇవ్వండి.

పండగ సెలవుతో మిగిలే ఆ ఒక్కరోజూ వాడుకుంటే 8 రోజుల లెమోషో రూటు ఇంకా మంచిది. పడమర నుంచి మొదలై షిరా మైదానం మీదుగా మచామే దారిలో కలుస్తుంది, మొదటి రెండు రోజులు జనం తక్కువ. ఉంబ్వే జోలికి పోవద్దు, నిటారుగా ఎక్కించేస్తుంది. రొంగై ఉత్తరం వైపు, వాన తక్కువ పడే దారి.

నెల విషయంలో మీ ఎంపిక బాగుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరు చుట్టూ చిన్న వానలు. జనవరి, ఫిబ్రవరి, మళ్లీ జూన్ నుంచి అక్టోబరు దాకా అనుకూలం. పౌర్ణమి రాత్రి శిఖరం చేరేలా తేదీ చూసుకుంటే దారంతా వెలుగే, కాకపోతే అందరూ అదే తేదీ చూసుకుంటారు కాబట్టి రద్దీ.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. పార్కు ఫీజు రోజుకు 70 డాలర్లు, గుడారానికి రాత్రికి 50 (గుడిసె అయితే 60), రెస్క్యూ ఫీజు 20, వీటి మీద 18 శాతం పన్ను. 7 రోజుల మచామేకు 490, 300, 20 కలిపి 810, పన్నుతో సుమారు 956 డాలర్లు. 5 రోజుల మరంగుకు ఇదే లెక్కన 720. అంటే ఫీజుల్లో తేడా మనిషికి 236 డాలర్లు. ఎవరైనా 7 రోజులకు 1,200 డాలర్లకే తీసుకెళ్తామంటే, ఫీజు పోగా మిగిలిన 240లో గైడ్లు, వంటమనిషి, మోతగాళ్ల కూలీ, వారం తిండి, బండి ఖర్చు వచ్చేదెలా? ఇద్దరు ఎక్కేవాళ్లకు పదిమంది దాకా సిబ్బంది ఉంటారు. అక్కడ కోత పడేది మోతగాళ్ల కూలీలోనూ తిండిలోనూ. మోతగాళ్ల సంక్షేమం చూసే సంస్థ కేప్యాప్ అని ఒకటుంది. దానిలో భాగస్వామి అయిన కంపెనీయేనా అని అడిగి బుక్ చేయండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

మెట్లదారి

కొండగాలి గారు రూటు చెప్పేశారు, నేను ప్రాక్టీసు సంగతి చెప్తా.

రాక్ క్లైంబింగ్ కోర్సు అక్కర్లేదు. భువనగిరి బండ గొప్ప చోటే, మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు శిక్షణ మొదలైంది అక్కడే. కానీ కిలిమంజారోలో తాడు కట్టే పని ఎక్కడా లేదు. చేతులు వాడాల్సింది బరాంకో గోడ ఒక్కచోటే, అది సుమారు 250 మీటర్లు. పట్టుకోవడానికి రాయి, కాలు పెట్టడానికి చోటు ప్రతి అడుగుకూ ఉంటాయి. అక్కడ చేతికర్రలు మడిచి బ్యాగుకు కట్టేయాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒకచోట రాతిని కౌగిలించుకున్నట్టు ఛాతీ ఆనించి పక్కకు జరగాలి. బ్యాగు వెనక్కి లాగకుండా నడుము బెల్టు బిగించుకోండి.

మీకు కావాల్సింది మెల్లగా, ఎక్కువసేపు, ఎత్తు ఎక్కే కాళ్లు. 10 కిలోమీటర్లు గంటలో పరుగెత్తడం గుండెకు మంచిదే. కానీ ఎత్తు జబ్బు పరుగెత్తేవాళ్లను వదిలేయదు. అసలు పరుగు అలవాటున్నవాళ్లకే ఇంకో ప్రమాదముంది, మొదటి రెండు రోజులు ఒంట్లో శక్తి ఉంది కదా అని ముందుకు దూసుకుపోతారు. గైడ్లు స్వాహిలీలో ‘పోలే పోలే’ అంటుంటారు, మెల్లగా మెల్లగా అని. కొలత ఏమిటంటే, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నడవగలగాలి. నోరు తెరిచారంటే వేగం ఎక్కువైందని.

శిఖరం రాత్రి బరాఫు 4,673 నుంచి కొండ కొస ఉహురు 5,895 దాకా, అంటే 1,222 మీటర్లు ఎక్కుతారు. దీన్ని అపార్ట్‌మెంట్ మెట్లతో కొలుద్దాం. అంతస్తు సుమారు 3 మీటర్లు, పది అంతస్తులు 30 మీటర్లు. 40 సార్లు ఎక్కితే 1,200. ఒక్కరోజులో అంతా చేయక్కర్లేదు. నాలుగు నెలల ముందు వారానికి రెండుసార్లు 8 రౌండ్లతో మొదలుపెట్టి, ప్రతి వారం రెండేసి రౌండ్లు పెంచుకుంటూ 25 దాకా తీసుకెళ్లండి. బ్యాగులో 2 లీటర్ల సీసాలు మూడు పెట్టుకుంటే 6 కిలోల బరువు. కొండ మీద పగలు మీ వీపున ఉండేది కూడా ఇంచుమించు అంతే. మొదటి రెండు నెలలు దిగేటప్పుడు లిఫ్టులో దిగండి, మోకాళ్లు మిగులుతాయి. ఆఖరి ఆరు వారాలు తప్పకుండా నడిచే దిగండి. ఎందుకంటే శిఖరం నుంచి అదే రోజు మ్వేకా క్యాంపు 3,100కు దిగుతారు. ఒక్కరోజులో 2,795 మీటర్ల దిగుడు. తొడ కండరాలకు దిగే అలవాటు లేకపోతే ఆ సాయంత్రానికి ఒక్కో మెట్టుకీ పక్కకు తిరిగి దిగాల్సి వస్తుంది.

మెట్లు లేనివాళ్లు ట్రెడ్‌మిల్ మీద 15 శాతం వాలు, గంటకు 4 కిలోమీటర్ల వేగం పెట్టండి. గంటకు 600 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. కమ్మీలు పట్టుకోవద్దు, పట్టుకుంటే లెక్క తప్పు.

ఆదివారాలు అనంతగిరికి వెళ్లి 5, 6 గంటలు ఆగకుండా నడవండి. కేబీఆర్ పార్కు చుట్టూ మూడు రౌండ్లు వేసినా సమయం వస్తుంది కానీ ఎత్తు రాదు. నెలకోసారి తిరుమల వెళ్లగలిగితే అంతకన్నా కావాల్సింది లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. శ్రీవారి మెట్టు పొట్టిగా నిటారుగా ఉంటుంది, శిఖరం రాత్రి వాలుకు అదే దగ్గర. చేతికర్రలతో నడవడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి.

ఎత్తు ప్రాక్టీసు మాత్రం ఇక్కడ దొరకదు. హైదరాబాద్ సుమారు 540 మీటర్లు. దక్షిణాదిలో అన్నిటికంటే ఎత్తైన ఆనైముడి కూడా 2,695 దగ్గరే ఆగిపోతుంది. హిమాలయాల్లో ముందే ఎక్కిన ఎత్తు అలవాటు కొన్ని వారాల్లో పోతుంది, కాబట్టి దసరాకి చేసిన ట్రెక్ సంక్రాంతికి ఆసరా ఇవ్వదు. ఇంకో నాలుగు రోజులు ఎక్కువ దొరికినవాళ్లు అక్కడే అరూషా దగ్గరున్న మేరు కొండ, 4,566 మీటర్లు, ముందు ఎక్కి నేరుగా కిలిమంజారోకు వెళ్తారు. అదీ అసలైన అలవాటు.

మందులపెట్టె

డాక్టర్‌గా రాస్తున్నాను. మోతాదులు తెలుసుకోవడం కోసం చెప్తున్నా, మీ డాక్టర్‌ని అడిగే వేసుకోండి.

డయామాక్స్ అంటే అసెటజోలమైడ్. ఎత్తు జబ్బు రాకుండా వాడే మోతాదు 125 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మన మందుల షాపుల్లో సాధారణంగా దొరికేది 250 బిళ్ల, సగానికి విరవాలి. కొండ ఎక్కడం మొదలయ్యే ముందురోజు మొదలుపెట్టి, శిఖరం నుంచి దిగడం మొదలయ్యాక ఆపేస్తారు. ఇది నొప్పి బిళ్లలా లక్షణాలను కప్పిపెట్టదు. రక్తంలో కాస్త ఆమ్లం పెంచుతుంది, దానితో ఊపిరి లోతుగా, త్వరగా ఆడుతుంది, ముఖ్యంగా నిద్రలో. ఎత్తుకు అలవాటు పడడంలో ఒళ్లు చేసే పనే ఇది, మందు దాన్ని తొందరపెడుతుంది, అంతే. వేళ్ల చివర్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా రుచి చప్పగా మారుతుంది. ఇవన్నీ మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. ఇంటి దగ్గరే సెలవురోజున రెండు మోతాదులు వేసి చూడండి, పడుతుందో లేదో కొండ మీద తెలుసుకోకూడదు.

7 రోజుల రూటులో డయామాక్స్ లేకుండా వెళ్లేవాళ్లూ ఉన్నారు. 5 రోజుల రూటుకు దాన్ని ధైర్యంగా చేసుకోవడం మాత్రం తప్పు.

గుర్తుంచుకోవాల్సింది ఇది. తలనొప్పి ఒక్కటే ఉండి, నీళ్లు తాగి, పారాసెటమాల్ వేసుకుంటే తగ్గితే నడవొచ్చు. తలనొప్పితోపాటు వికారం, అలసట, తల తిరగడం తోడైతే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. నడక తడబడుతుంటే, మాట తేడాగా ఉంటే, మెదడులో వాపు మొదలైందని. ఆ పరీక్ష అక్కడికక్కడే చేయొచ్చు, నేల మీద గీత గీసి, ఒక పాదం మడమను ఇంకో పాదం వేళ్లకు ఆనిస్తూ పది అడుగులు వేయించండి. తూలితే వెంటనే కిందికి, అర్ధరాత్రయినా సరే. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీరంగు నురగ కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు. దానికీ మందు కిందికి దిగడమే. గైడు పెట్టెలో డెక్సామెథసోన్, నిఫెడిపిన్, ఆక్సిజన్ సిలిండరు ఉన్నాయా అని బుకింగ్ అప్పుడే అడగండి. అవి దిగేదాకా ప్రాణం నిలబెట్టడానికి, పైకి ఎక్కడానికి కాదు.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకె చూసి భయపడొద్దు. బరాఫులో 80 దగ్గర ఉండడం సాధారణం. చల్లని వేలికి పెడితే తప్పు చూపిస్తుంది, గోళ్ల రంగు ఉన్నా అంతే. చెయ్యి రెండు నిమిషాలు చంకలో వెచ్చబెట్టి చూడండి. మీ అంకె నిన్నటికంటే ఎలా ఉంది, మీరెలా ఉన్నారు అనేవే ముఖ్యం. నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా బంద్.

మిగతావి. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది, తర్వాత జీవితాంతం. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వచ్చేవాళ్లకు ఇది లేకపోతే తిరిగొచ్చాక శంషాబాద్‌లో 6 రోజుల దాకా క్వారంటైన్ పెట్టే నిబంధన ఉంది. అటు వెళ్లేటప్పుడు ఆ దేశాల్లో 12 గంటలకు మించి ఆగితే టాంజానియావాళ్లూ అడుగుతారు. మోషీ, అరూషాలో మలేరియా ఉంది. నివారణకు డాక్సీసైక్లిన్ రాస్తే ఒక్కమాట: అది చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. ఎత్తులో ఆ ఎండకు మొహం కమిలిపోతుంది. అటొవాక్వోన్, ప్రొగ్వానిల్ కలిసిన బిళ్ల దొరికితే అదే అడగండి.

బోయిన్‌పల్లి అక్క

డాక్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు 47. బీపీకి యామ్లోడిపిన్ 5, థైరాయిడ్ బిళ్ల వేసుకుంటాను, రెండూ కంట్రోల్‌లోనే ఉన్నాయి. మా గ్రూపు ఆడవాళ్లం నలుగురం లెమోషో అనుకుంటున్నాం. మావాళ్లు ఇంట్లో ‘ఈ వయసులో ఎందుకు’ అంటున్నారు. వెళ్లకూడదా?

మందులపెట్టె

అక్కా, వయసు అడ్డు కాదు. కంట్రోల్‌లో ఉన్న బీపీ కూడా అడ్డు కాదు. యామ్లోడిపిన్, థైరాయిడ్ బిళ్ల ఆపకుండా వేసుకోండి, చేతిబ్యాగులోనే పెట్టుకోండి. ఎత్తులో మొదటి రోజుల్లో బీపీ కాస్త పెరగడం సహజం, దానికని అక్కడ మోతాదు మార్చొద్దు. నీళ్లబిళ్ల, అంటే మూత్రం ఎక్కువ చేసే బీపీ మందు, వాడేవాళ్లు డయామాక్స్ కలిపే ముందు తప్పకుండా అడగాలి, ఒంట్లో నీరూ పొటాషియం తగ్గిపోతాయి. మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం లాంటిదేమైనా ఉంటే ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి.

మీ నలుగురూ మూడు నెలల ముందే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించుకోండి. మన ఆడవాళ్లలో చాలామందికి రక్తం తక్కువని తెలియనే తెలియదు. ఐరన్ తక్కువైతే ఎత్తులో ఒళ్లు కొత్త రక్తకణాలు తయారుచేసుకోలేదు. మూడు నెలల టైముంటే బిళ్లలతో సరిచేయొచ్చు, వారం ముందు తెలిస్తే ఏమీ చేయలేం. నెలసరి తేదీ మారిపోయి కొండ మీదే రావడం మామూలు, సామాను తీసుకెళ్లండి, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి మూత గట్టిగా పడే డబ్బా కూడా.

సామాన్ల లెక్క

చలి గురించి ఎవరూ చెప్పలేదు. భూమధ్యరేఖకు 3 డిగ్రీల దక్షిణాన ఉంది, నిజమే. కానీ ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మోషీలో పగలు 30 ఉందనుకోండి. అక్కడి నుంచి శిఖరం సుమారు 5,000 మీటర్లు పైన. 32 డిగ్రీలు తీసేస్తే పట్టపగలే సున్నాకు దిగువ. తెల్లవారుజామున మైనస్ 10, 15, గాలి తోడైతే ఒంటికి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. పైగా అక్కడ ఏ కాలమైనా రాత్రి ఇంచుమించు 12 గంటలు. ఎండాకాలం అని చలి తగ్గదు.

కాటన్ ఒక్కటీ వద్దు, బనియన్‌తో సహా. చెమట పట్టిన కాటన్ ఆరదు, ఆగగానే గడ్డకట్టిన తువ్వాలులా ఒంటికి అతుక్కుంటుంది. శిఖరం రాత్రికి పైన థర్మల్, ఫ్లీస్, ఈకల జాకెట్, గాలి ఆపే షెల్. కింద థర్మల్, ఫ్లీస్ ప్యాంటు, షెల్ ప్యాంటు. చేతులకు పల్చటి గ్లవ్స్ మీద వేళ్లు కలిసుండే మిటెన్లు. కాళ్ల దగ్గర అందరూ చేసే తప్పు, రెండు మందపాటి సాక్సులు వేసుకోవడం. షూ బిగుసుకుపోయి రక్తం ఆడదు, వేళ్లు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. పల్చటిది ఒకటి, ఉన్నిది ఒకటి చాలు. షూ లోపల వేళ్లు ఆడాలి.

నీళ్లు రోజుకు 3, 4 లీటర్లు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కొండ మీదికి అనుమతించరు, టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2019 జూన్ నుంచి నిషేధం. ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. బట్టలు గుడ్డసంచుల్లో సర్దండి. శిఖరం రాత్రి గొట్టంతో తాగే సంచీ నమ్ముకోవద్దు. గొట్టంలో మిగిలిన నీరు గంటలోనే గడ్డకడుతుంది. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్లు పోసి, ఉన్ని సాక్సులో దూర్చి, తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచే గడ్డకడుతుంది, తలకిందులైతే ఆ పైభాగం సీసా అడుగవుతుంది, మూతి తెరుచుకుంటుంది. బరాఫులో ఊట లేదు, వంట నీళ్లు కూడా కరంగా నుంచి మోసుకొస్తారు, కాబట్టి కరంగాలో మీ సీసాలన్నీ నింపుకోండి. హెడ్‌లైట్‌కు లిథియం బ్యాటరీలు, ఫోన్, పవర్‌బ్యాంకు రాత్రి పడకసంచీ లోపల.

తిండి. వంటమనిషికి శాకాహారం అని ముందే రాసివ్వండి, చేపా గుడ్డూ కూడా వద్దని విడిగా చెప్పండి. అన్నం, చపాతీ, బీన్స్, కూరగాయల సూపు బాగానే పెడతారు. 4,000 దాటాక ఆకలి చచ్చిపోతుంది, వాళ్ల సూపు వాసనకే కడుపు తిప్పుతుంది. అప్పుడు పనికొచ్చేవి మన పొడులే. కరివేపాకు కారప్పొడి, చారుపొడి, నిమ్మకాయ ఊరగాయ చిన్న డబ్బాలో. వేడినీళ్లలో చారుపొడి, ఉప్పు కలిపి తాగితే నీరూ ఉప్పూ రెండూ వెళ్తాయి. శిఖరం రాత్రికి పల్లీ చిక్కీ తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట: చలికి అది రాయవుతుంది. ముందే గోళీలంత ముక్కలు చేసి, లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి. గంటకో ముక్క.

మోతగాడు మోసే మీ బ్యాగు 15 కిలోలు మించకూడదు, గేటు దగ్గర తూకం వేస్తారు. తన సామానుతో కలిపి ఒక్కో మనిషికి 20 కిలోల పరిమితి. చక్రాల సూట్‌కేసు తేవద్దు, మెత్తటి డఫెల్ తేవాలి, అది వాళ్లు నెత్తిమీద పెట్టుకుని మీకంటే ముందు క్యాంపు చేరతారు.

హైటెక్ పాదచారి

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. జాంజిబార్ తీసేశాం, 7 రోజుల మచామేకు మళ్లీ కొటేషన్ అడిగాం. షూ ఎప్పుడు కొనాలి, సైజు ఎలా? వీసా, ఇన్సూరెన్స్, టిప్పులు ఎలా చూసుకోవాలి?

కొండగాలి

షూ ఈ నెలే కొనండి. సాయంత్రం పూట, ఆ రెండు సాక్సులూ వేసుకుని చూడండి, పొద్దుటికీ సాయంత్రానికీ పాదం వాస్తుంది. అర సైజు పెద్దది. షాపులో దిగుడు పలక ఉంటే దాని మీద కిందికి నడిచి, బొటనవేలు ముందుకు తగలడం లేదని చూసుకోండి. తగిలితే మ్వేకా దిగుడులో గోరు నల్లబడి ఊడుతుంది. బయల్దేరే ముందు గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. దిగేటప్పుడు చీలమండ దగ్గర లేసు రెండుసార్లు మెలితిప్పి బిగిస్తే పాదం ముందుకు జారదు. మెట్ల ప్రాక్టీసంతా ఆ షూతోనే. విమానంలో అవి కాళ్లకే ఉండాలి. పడకసంచీ, జాకెట్, కర్రలు మోషీలో అద్దెకు దొరుకుతాయి. అలవాటైన షూ దొరకదు.

వీసా ఆన్‌లైన్‌లో, 50 డాలర్లు, ప్రభుత్వ సైటులోనే కట్టండి, మధ్యవర్తుల సైట్లు అచ్చం దానిలాగే ఉంటాయి. ఇన్సూరెన్స్‌లో 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ అని అక్షరాలా రాసి ఉండాలి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది, ఆ షరతుల కాగితం తెప్పించుకుని చదవండి.

టిప్పులు చివరిరోజు సిబ్బంది అందరి ముందు, ఎవరికెంత అని పైకి చదివి ఇవ్వండి. హెడ్‌గైడు చేతిలో మొత్తం పెడితే మోతగాడి దాకా ఎంత చేరిందో మీకు తెలియదు. చిన్న డాలర్ నోట్లు ఇక్కడే మార్చుకోండి. 2006కు ముందు సిరీస్‌వీ, చిరిగినవీ అక్కడ తీసుకోరు. ఫారెక్స్ కౌంటర్ దగ్గరే ఒక్కో నోటు మీద సంవత్సరం చూసి తీసుకోండి.